పక్కింటి పోరు: ఏ తలుపు తట్టాలి, ఏం రాసిపెట్టుకోవాలి?

ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో ఉంటున్న పాఠకులు ఇరుగుపొరుగు ఇబ్బందుల గురించి రాసిన ఉత్తరాలకే ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాం. రాత్రి పూట పాటలు, మెట్ల మీద గుంపులు, తిట్లు, చెత్త పారబోయడం, వీధిలో బైకుల రొద, వీటన్నిటినీ ఇక్కడ కలిపి యాంటీ సోషల్ బిహేవియర్ అంటారు. ఆఫీసుల్లో వినపడే పొట్టిపేరు ఏఎస్‌బీ. స్కాట్లాండ్, నార్తర్న్ ఐర్లండ్ చట్టాలు వేరు కాబట్టి అక్కడివారు ఈ జవాబులను ఉన్నవి ఉన్నట్టు వాడుకోవద్దు.

ప్రశ్న: మేం ఒక ఫ్లాట్‌లో ప్రైవేటు అద్దెకు ఉంటున్నాం. పై ఫ్లాట్‌లో వారానికి మూడు నాలుగు రాత్రులు ఒంటిగంట దాటేదాకా పాటలు. మెట్ల మీద గంజాయి వాసన. బిన్‌ల దగ్గర పాత పరుపులు పడేస్తారు. పోలీసులకు ఫోన్ చేస్తే కౌన్సిల్‌కి చెప్పమన్నారు, కౌన్సిల్‌ని అడిగితే ల్యాండ్‌లార్డ్‌ని అడగమన్నారు. ఎవరిని పట్టుకోవాలి?
— ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: మీది ఒక ఫిర్యాదు కాదు, మూడు. మూడింటినీ ఒకే ఫోన్‌లో కలిపి చెప్పినందువల్లే ఆ తిప్పలు. ఫోన్ ఎత్తినవారు అందులో తమది కాని ముక్క ఒకటి వినగానే మిమ్మల్ని ఇంకొకరి దగ్గరకు పంపేస్తారు. అందుకని విడదీసి చెప్పండి.

పాటల గోల కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ శాఖది. చాలాచోట్ల దాన్నే నాయిస్ టీమ్ అంటారు. గంజాయి పోలీసుల పని. ప్రాణాపాయం లేనప్పుడు 101కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. లేదా మీ ఏరియా పోలీసుల వెబ్‌సైట్‌లో ఫారం నింపండి. పేరు బయటికి రాకూడదనుకుంటే క్రైమ్‌స్టాపర్స్ ఉంది, 0800 555 111. అది పోలీసు శాఖ కాదు, విడి స్వచ్ఛంద సంస్థ, పేరు అడగరు. అయితే అక్కడ చెప్పినదాని మీద ఏం జరిగిందో మీకు తిరిగి కబురు రాదు, మీ పేరు మీద రికార్డూ ఉండదు. ఆ సంగతి తెలిసే వాడుకోవాలి. ఇక పరుపులు. వీధిలోనో పేవ్‌మెంట్ మీదో పడేస్తే అది ఫ్లై టిప్పింగ్, కౌన్సిల్ తీయిస్తుంది. మీ బ్లాక్ బిన్ స్టోర్‌లో పడేస్తే అది ప్రైవేటు స్థలం కనుక మేనేజింగ్ ఏజెంట్ బాధ్యత.

వీటితోపాటు పై ఫ్లాట్ ఎవరిదో తెలుసుకోండి. హౌసింగ్ అసోసియేషన్‌దో కౌన్సిల్‌దో అయితే మీ పని సగం సులువు. అలాంటి ల్యాండ్‌లార్డ్‌లకు రాసిపెట్టిన ఏఎస్‌బీ పాలసీ ఉండి తీరాలి, అద్దెదారు మీద చర్య తీసుకునే అధికారాలూ ఉంటాయి. అక్కడ హౌసింగ్ ఆఫీసర్ పేరు మీద రాయండి. ప్రైవేటు యజమాని అయితే ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కట్టి టైటిల్ రిజిస్టర్ తీసుకుంటే పేరు తెలుస్తుంది. ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది వేర్వేరు కుటుంబాలవాళ్ళు కలిసి అద్దెకుంటున్న ఇల్లయితే దానికి సాధారణంగా హెచ్‌ఎంఓ (పలు కుటుంబాలు పంచుకునే ఇల్లు) లైసెన్స్ ఉండాలి. కౌన్సిల్ దగ్గర ఆ రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు. లైసెన్స్ ఉన్న యజమానికి కౌన్సిల్ నుంచి ఉత్తరం వెళ్తే దాన్ని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

999 ఎప్పుడంటే, ఎవరినైనా కొడుతున్నప్పుడు, బెదిరిస్తున్నప్పుడు, తలుపు పగలగొడుతున్నప్పుడు, నేరం మీ కళ్ళ ముందే జరుగుతున్నప్పుడు. మాట్లాడితే ప్రమాదమైతే మొబైల్ నుంచి 999 నొక్కి, రికార్డు మాట వినపడ్డాక 55 నొక్కండి. అప్పుడు కాల్ పోలీసులకు వెళ్తుంది. కానీ మీరెక్కడున్నారో దానితో వాళ్ళకు తెలిసిపోతుందని అనుకోవద్దు, అడిగినదానికి దగ్గో, తట్టో ఏదో ఒక చప్పుడైనా వినిపించాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఇంగ్లిష్ రాకపోతే "తెలుగు, ఇంటర్‌ప్రెటర్" అన్న రెండు మాటలు నేర్పి ఉంచండి. ఫోన్‌లోనే దుబాసీని కలుపుతారు.

ప్రశ్న: కౌన్సిల్‌వాళ్ళు డైరీ రాయమని ఫారం పంపారు. రెండు వారాలు రాసి పంపాను. "ఎవిడెన్స్ చాలదు" అని కేసు మూసేశారు. ఇంకేం రాయాలి?
— ఒక పాఠకురాలు, మిల్టన్ కీన్స్

జవాబు: మీరు జతపరచిన పేజీలు చూశాం. ఎక్కువ గళ్ళలో ఉన్నది ఒకటే మాట: "రాత్రంతా గోల, నిద్ర లేదు." అది నిజమే కావచ్చు, కానీ ఆ వాక్యంతో ఆఫీసర్ చేయగలిగింది ఏమీ లేదు. అదే రాత్రిని ఇలా రాసి చూడండి:

"మంగళవారం రాత్రి 11:40 నుంచి 1:55 దాకా. పై ఫ్లాట్ హాల్లోంచి పాటలు, బేస్ ఎక్కువ. మా పడకగది కిటికీ, తలుపు మూసే ఉన్నాయి. అయినా పాటలో మాటలు తెలుస్తున్నాయి, గోడకు చెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తోంది. 12:20కి కౌన్సిల్ నంబర్‌కు ఫోన్ చేసి రిఫరెన్స్ తీసుకున్నాను. పాప రెండుసార్లు లేచింది. నేను పక్కగదిలో నేల మీద పడుకున్నాను."

ఇందులో ఆఫీసర్‌కు కావలసినవన్నీ ఉన్నాయి. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది, ఏ శబ్దం, ఎటునుంచి, మీ ఇంట్లో ఏ గదిలో, తలుపులు మూసినా వచ్చిందా, దానివల్ల మీరు చేయలేకపోయిన పని ఏమిటి. చివరిది అందరూ వదిలేస్తారు, చట్టం చూసేది మాత్రం దాన్నే. ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ యాక్ట్, 1990 ప్రకారం శబ్దం "స్టాట్యుటరీ న్యూసెన్స్" కావాలంటే, అది మీ ఇంటిని మీరు మామూలుగా వాడుకోవడానికి అడ్డంకి కావాలి, లేదా ఆరోగ్యానికి హాని చేసేలా ఉండాలి. ఫలానా డెసిబెల్ దాటితే నేరం అన్న లెక్క ఇక్కడ లేదు. ఏ వేళ, ఎంతసేపు, ఎన్నిసార్లు, ఎలాంటి వీధి అన్నవి కలిపి ఆఫీసర్ తేలుస్తారు.

డైరీ ఆ రాత్రే రాయండి. ఆదివారం కూర్చుని వారమంతా గుర్తు తెచ్చుకుని రాస్తే టైములన్నీ పదకొండు, పన్నెండు, ఒంటిగంట అని గుండు అంకెలే పడతాయి. చదివేవారు అది వెంటనే పట్టేస్తారు. ప్రశాంతంగా ఉన్న రోజులూ రాయండి. పద్నాలుగు రోజుల్లో ఎనిమిది గోల, ఆరు నెమ్మది అని ఉన్న డైరీకి, పద్నాలుగూ గోలే అన్న డైరీకన్నా విలువ ఎక్కువ. పెంచి రాయడం అస్సలు వద్దు. తరువాత కౌన్సిల్ మీ ఇంట్లో కొన్నిరోజులు రికార్డింగ్ యంత్రం పెట్టవచ్చు. యంత్రం చూపే టైములకూ మీ డైరీకీ పొంతన లేకపోతే పాత పేజీల మీద కూడా నమ్మకం పోతుంది.

చాలా కౌన్సిళ్ళు ఇప్పుడు ద నాయిస్ యాప్ వాడమంటున్నాయి. దానిలో ఒక్కో రికార్డింగ్ 30 సెకన్లే. శబ్దం మొదలవగానే ఒకటి, అరగంటకు ఒకటి, ఆగేముందు ఒకటి తీస్తే ఎంతసేపు సాగిందో తెలుస్తుంది. పది నిమిషాల్లో ఇరవై తీస్తే ఆ సంగతి తెలియదు. ఫోన్‌ను గోడకు ఆనించకండి. మీరు పడుకునే చోట, మంచం మీద పెట్టి తీయండి. ఫోన్ మైకు బేస్‌ను సరిగా పట్టదు, అందుకే మీకు గుండెలదిరిన శబ్దం రికార్డింగ్‌లో పల్చగా వినపడుతుంది. ఆ మాట ఫారంలో రాసి, యంత్రం పెట్టమని అడగండి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం, గోల నడుస్తుండగా ఆఫీసర్ వచ్చి మీ గదిలో నిలబడి వినడం. మీ కౌన్సిల్‌కు రాత్రి పూట పనిచేసే నంబర్ ఉందా, ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి. కొన్నిచోట్ల శుక్ర, శనివారాలే ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. నాయిస్ యాక్ట్, 1996 రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా వర్తిస్తుంది. దీనిలో మాత్రం కొలత ఉంది. చుట్టూ ఉన్న మామూలు సద్దు 24 డెసిబెల్స్‌కు మించకపోతే హద్దు 34, మించితే ఆ సద్దు మీద ఇంకో 10.

న్యూసెన్స్ అని తేలితే కౌన్సిల్ అబేట్‌మెంట్ నోటీసు, అంటే దాన్ని ఆపమనే నోటీసు, ఇచ్చి తీరాలి. శబ్దం విషయంలో ముందు నచ్చజెప్పి చూడటానికి ఏడు రోజుల వరకు ఆగవచ్చు, అంతే. నోటీసు తరువాతా ఆగకపోతే అది నేరం. వారంట్‌తో స్పీకర్లు పట్టుకుపోయే అధికారం కూడా ఉంది. కౌన్సిల్ కదలకపోతే ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ యాక్ట్ సెక్షన్ 82 కింద మీరే మేజిస్ట్రేట్స్ కోర్టుకు వెళ్ళవచ్చు. శబ్దం విషయంలో అవతలివారికి కనీసం మూడు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడా డైరీయే ఆధారం.

ఒక సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. పైవాళ్ళ అడుగుల చప్పుడు, పిల్లల పరుగు, ఫ్లష్, తలుపుల మోత మీద కౌన్సిల్ చర్య తీసుకోదు. పల్చటి గోడల ఇంట్లో మామూలు కాపురపు శబ్దాలు న్యూసెన్స్ కావని 1999లోనే హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మీ డైరీలో అలాంటివి పది రాసి, వాటి మధ్య అసలు పాటల గోల నాలుగు రాస్తే ఆ నాలుగూ కొట్టుకుపోతాయి. ఈసారి ఆ నాలుగే పంపండి.

ప్రశ్న: ఎన్‌హెచ్‌ఎస్‌లో నైట్ డ్యూటీలు. పగలు పడుకోవాలి. పక్కన ఇల్లు కడుతున్నారు, డ్రిల్లింగ్. ఫిర్యాదు చేయవచ్చా?
— ఒక నర్సు, కోవెంట్రీ

జవాబు: చేయవచ్చు గానీ నైట్ డ్యూటీ అన్న కారణంతో గెలవలేరు. మామూలు మనిషికి ఇబ్బందా కాదా అన్నదే కౌన్సిల్ కొలబద్ద. పగటినిద్ర అవసరాన్ని లెక్కలోకి తీసుకోరు. మీ కష్టం చిన్నదని కాదు, చట్టం అలా ఉంది. అయితే నిర్మాణపు పనులకు చాలా కౌన్సిళ్ళు వేళలు పెట్టాయి: సోమవారం నుంచి శుక్రవారం ఉదయం 8 నుంచి సాయంత్రం 6, శనివారం 8 నుంచి మధ్యాహ్నం 1, ఆదివారం, బ్యాంక్ హాలిడే అసలు వద్దు. అది దాటితే వెంటనే రాయండి. ఆ వేళల లోపల మాత్రం సైట్ ఫోర్‌మన్‌తో మాట్లాడటమే దారి. మీ రోస్టర్ చూపించి, ఆ వారం డ్రిల్లింగ్ ఏ రోజుల్లో ఉందో అడిగితే చాలామంది చెబుతారు.

ప్రశ్న: పక్కింట్లో భార్యాభర్తలు రోజూ అరుచుకుంటారు. వస్తువులు విసిరేసిన చప్పుడు, ఆమె ఏడుపు. మా పిల్లలు భయపడుతున్నారు. నాయిస్ టీమ్‌కు రాయమంటారా?
— ఒక పాఠకురాలు, స్లౌ

జవాబు: వద్దు తల్లీ, ఇది శబ్దం గురించిన ఫిర్యాదు కాదు. నాయిస్ టీమ్‌కు రాస్తే ముందుగా జరిగేది ఆ ఇంటికి ఒక ఉత్తరం వెళ్ళడం. "నీ ఏడుపు వల్లే ఉత్తరం వచ్చింది" అని ఆమె మీద ఇంకో దెబ్బ పడుతుంది. చప్పుడు నడుస్తుండగా 999కి ఫోన్ చేయండి. విన్నది విన్నట్టు చెప్పండి: ఏదో పగిలింది, ఆమె "వదులు" అని అరుస్తోంది, లోపల పిల్లలున్నారు. మీ పేరు అవతలివారికి చెప్పవద్దని ఆ ఫోన్‌లోనే అనండి. చప్పుడు ఆగిపోయాకైతే 101. పిల్లలున్న ఇల్లయితే కౌన్సిల్ చిల్డ్రన్స్ సోషల్ కేర్‌కు కూడా తెలియజేయండి. మధ్యలోకి వెళ్ళి తలుపు తట్టకండి. ఆమె ఎప్పుడైనా ఒంటరిగా కనిపిస్తే నేషనల్ డొమెస్టిక్ అబ్యూస్ హెల్ప్‌లైన్ నంబర్ 0808 2000 247 చెప్పండి, 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. కాగితం మీద రాసి ఇవ్వకండి, ఆ కాగితం అతని చేతిలో పడవచ్చు.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా మా వీధి కుర్రాళ్ళు కొందరు, పదమూడు నుంచి పదిహేడేళ్ళవాళ్ళు, మా ఇంటి మీద గుడ్లు విసురుతున్నారు, మా అమ్మను చూసి మీ దేశం పొమ్మని కేకలు వేస్తున్నారు, కారు అద్దం విరగ్గొట్టారు. పోలీసులకు నాలుగుసార్లు, కౌన్సిల్‌కు రెండుసార్లు చెప్పాం. ప్రతిసారీ కొత్తగా మొదలు. "కేస్ క్లోజ్డ్" అని మెసేజ్. మేం చేయగలిగింది ఇంకేమైనా ఉందా?
— ఒక పాఠకుడు, వుల్వర్‌హాంప్టన్

జవాబు: ఉంది, రెండు ఉన్నాయి. రెండూ మీకు ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది.

మొదటిది. ఇది హేట్ క్రైమ్. జాతిని, మతాన్ని బట్టి మిమ్మల్ని లక్ష్యం చేసుకున్నారని మీకు గానీ, చూసిన ఎవరికైనా గానీ అనిపిస్తే పోలీసులు దాన్ని అలాగే నమోదు చేయాలి. రుజువు తరువాతి మాట. మీరు "పిల్లలు అల్లరి చేస్తున్నారు" అని చెప్పి ఉంటారు, వాళ్ళు అల్లరి అనే రాసుకుంటారు. ఆ కుర్రాళ్ళు అన్న మాటలను, ఎంత చెడ్డవైనా, అక్షరం మార్చకుండా ఇంగ్లిష్‌లోనే రాసి ఇవ్వండి. "రేసిస్ట్ మాటలు అన్నారు" అంటే చాలదు. పెద్దల ముందు ఆ మాటలు పలకడానికి మనకు నోరు రాదు, కాబట్టి రాతలోనే ఇవ్వండి. నాలుగు పాత ఇన్సిడెంట్ నంబర్లూ చెప్పి, వాటిని కలిపి చూడమని, మిమ్మల్ని రిపీట్ విక్టిమ్‌గా గుర్తించమని అడగండి. పదేపదే గురి అవుతున్న బాధితులకు విక్టిమ్స్ కోడ్ అనే బాధితుల హక్కుల నియమావళిలో ఎన్‌హాన్స్‌డ్ రైట్స్, అంటే అదనపు హక్కులు, ఉన్నాయి. కేసు సంగతి త్వరగా తెలియజేయడం వాటిలో ఒకటి.

రెండవది ఏఎస్‌బీ కేస్ రివ్యూ. పాతపేరు కమ్యూనిటీ ట్రిగ్గర్. 2014లో వచ్చిన యాంటీ సోషల్ బిహేవియర్, క్రైమ్ అండ్ పోలీసింగ్ యాక్ట్ ఇచ్చిన హక్కు ఇది. సాధారణంగా ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు చేసి ఉంటే, కౌన్సిల్, పోలీసులు, ఎన్‌హెచ్‌ఎస్ స్థానిక బోర్డు, సోషల్ హౌసింగ్ ల్యాండ్‌లార్డ్ అందరూ ఒకచోట కూర్చుని, ఇప్పటిదాకా ఎవరేం చేశారు, ఏం చేయలేదు అని చూసి తీరాలి. మూడూ ఒకే ఆఫీసుకు చేసి ఉండాలని లేదు. పోలీసులకు రెండు, కౌన్సిల్‌కు ఒకటి అయినా లెక్కే.

ఎక్కువమంది దరఖాస్తులు తిరిగివచ్చేది తేదీల దగ్గర. ఘటన జరిగిన నెలలోపు చేసిన ఫిర్యాదునే లెక్కిస్తారు. ఆ ఫిర్యాదు చేసిన ఆరు నెలలలోపు రివ్యూ అడగాలి. ఎనిమిది నెలల కిందటి మీ మొదటి రెండు ఫిర్యాదులకు గడువు దాటిపోయి ఉండవచ్చు. మిగిలినవి మూడుంటే ఈ వారమే అడగండి. రెండే ఉంటే, ఈసారి గుడ్డు పడిన రోజే 101కి చెప్పి నంబర్ తీసుకోండి. "ఎన్నిసార్లని చెప్తాం" అని ఊరుకున్న నెలలే తరువాత మీకు అడ్డం వస్తాయి.

దరఖాస్తు ఫారం కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. దానికి ఒకే పేజీ జతచేయండి: ఘటన తేదీ, ఏం జరిగింది, ఎవరికి ఎప్పుడు చెప్పారు, రిఫరెన్స్ నంబర్, వాళ్ళు ఏం చేశారు. కింద నాలుగు వాక్యాల్లో మీ ఇంటి మీద దాని ప్రభావం. అమ్మగారు సాయంత్రం నడకకు వెళ్ళడం మానేశారా, ముందుగదిలో కర్టెన్ తీయడం లేదా, మందులు మొదలయ్యాయా, అది రాయండి. మీ తరఫున మీ కౌన్సిలర్ గానీ, ఎంపీ గానీ, బంధువు గానీ అడగవచ్చు. అర్హత ఉందో లేదో మీకు తెలియజేయాలి. జవాబు తృప్తిగా లేకపోతే ఎవరి దగ్గరకు వెళ్ళాలో కూడా వాళ్ళ పద్ధతిలో రాసి ఉండాలి, అడగండి. రివ్యూ కమిటీ ఎవరినీ శిక్షించదు. సిఫారసులు చేస్తుంది, ఆఫీసులు వాటిని పట్టించుకోవాలి. దానివల్ల వెంటనే కలిగే లాభం, మీ ఫైలుకు ఒక మనిషి దొరకడం. "మా తరఫున ఒక్కరే మాట్లాడేలా పేరు ఇవ్వండి" అని మొదటి మాటగా అడగండి.

ఇక కుర్రాళ్ళ మీద ఏం చేయగలరు? వయసును బట్టి మారుతుంది. అందుకే వయసు మీకు తెలిసినంత వరకు ఫిర్యాదులో రాయాలి. ముందు తల్లిదండ్రుల ఎదుట యాక్సెప్టబుల్ బిహేవియర్ కాంట్రాక్ట్ రాయిస్తారు. అది చట్టబద్ధమైన ఉత్తర్వు కాదు, కానీ తప్పితే రేపు కోర్టులో చూపడానికి పనికొస్తుంది. ఆ ప్రవర్తన మానమని చెప్పే కమ్యూనిటీ ప్రొటెక్షన్ నోటీసు 16 ఏళ్ళు నిండినవారికే ఇవ్వగలరు, అదీ ముందు రాతపూర్వకంగా హెచ్చరించాకే. పదేళ్ళు నిండినవారి మీద కోర్టు ఇంజంక్షన్, అంటే ఫలానా పని చేయవద్దనే ఉత్తర్వు, తేవచ్చు. 18 లోపువారికి అది ఏడాదికి మించదు. గుంపుగా చేరే చోటైతే పోలీసులు 48 గంటల వరకు చెదరగొట్టే అధికారం వాడవచ్చు. ఇంజంక్షన్‌కు సివిల్ కోర్టు స్థాయి రుజువు చాలు. సాక్షి పేరు బయటపెట్టకుండా ఆఫీసరే అతను చెప్పినది కోర్టుకు వివరించే వీలూ ఉంది. ఎదురింటివాళ్ళు చూసి కూడా భయపడి నోరు విప్పకపోతే ఈ సంగతి వాళ్ళకు చెప్పండి.

ప్రశ్న: వీడియో డోర్‌బెల్ పెట్టాం. పక్కింటివాళ్ళు మా గేటును తన్నడం అందులో పడింది. వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా?
— ఒక పాఠకుడు, మాంచెస్టర్

జవాబు: పెట్టకండి. పోలీసులకు, కౌన్సిల్‌కు ఇవ్వండి, అంతే. గ్రూపులో పెట్టిన మరుక్షణం మీరే వేధిస్తున్నారని ఎదురు ఫిర్యాదు రావచ్చు. వేధింపుల చట్టానికి రెండుసార్లు చేసినా సరిపోతుంది. కెమెరా మీ హద్దు దాటి వీధినో పక్కవాళ్ళ వాకిలినో చూస్తుంటే డేటా ప్రొటెక్షన్ నియమాలు మీకూ వర్తిస్తాయి. కోణం కిందికి దించండి, కెమెరా ఉందని చిన్న బోర్డు పెట్టండి, మాటల రికార్డింగ్ ఆపేయండి, అక్కర్లేని క్లిప్‌లు ఎప్పటికప్పుడు తీసేయండి. కావలసిన క్లిప్‌ను మాత్రం వెంటనే ఫోన్‌లోకి దింపి దాచుకోండి. చాలా డోర్‌బెల్‌లు కొన్ని రోజులకు వాటంతట అవే చెరిపేస్తాయి. పోలీసులు అడిగేసరికి లేకుండా పోయేది అందుకే.

ప్రశ్న: మా మీదే ఫిర్యాదు వచ్చింది. కింది ఫ్లాట్‌వాళ్ళు గ్రైండర్ మోత, పిల్లల పరుగు అన్నారు. కౌన్సిల్ నుంచి ఉత్తరం. చాలా అవమానంగా ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, హౌన్స్‌లో

జవాబు: ముందు ఆ ఉత్తరం పేరు చదవండి. "ఫిర్యాదు అందింది" అని తెలిపేది అయితే మీరు తప్పు చేశారని ఎవరూ తేల్చలేదు. కమ్యూనిటీ ప్రొటెక్షన్ వార్నింగ్ అయితే తరువాతి మెట్టు నోటీసు. కమ్యూనిటీ ప్రొటెక్షన్ నోటీసో, అబేట్‌మెంట్ నోటీసో అయితే 21 రోజుల్లో మేజిస్ట్రేట్స్ కోర్టులో అప్పీలు చేసుకోవాలి, ఆ గడువు దాటనీయకండి. కమ్యూనిటీ ప్రొటెక్షన్ నోటీసును ఉల్లంఘించి శిక్ష పడితే వ్యక్తులకు 2,500 పౌండ్ల వరకు జరిమానా ఉంది.

ఏ ఉత్తరమైనా మౌనంగా ఉండకండి. గ్రైండర్ ఏ వేళలో ఎంతసేపు వేస్తారో, ఏం మార్చారో ఒక ఈమెయిల్‌లో రాయండి. మార్చడానికి నిజంగానే కొన్ని ఉన్నాయి. వెట్ గ్రైండర్ చప్పుడు గాలిలోకన్నా నేలలోంచి ఎక్కువ దిగుతుంది. చెక్కనేల మీద నేరుగా పెడితే కింది ఇంటి సీలింగ్ డోలులా పలుకుతుంది. వాషింగ్ మెషిన్ కింద వేసే మందపాటి రబ్బరు మ్యాట్ వేసి, గోడకు జానెడు దూరం జరపండి. పప్పు రుబ్బడం రాత్రి పది తరువాత, ఉదయం ఎనిమిదికి ముందు వద్దు. లీజ్ కాగితం తీసి చూడండి, చాలా ఫ్లాట్‌లలో నేల మీద కార్పెట్ ఉండాలన్న షరతు ఉంటుంది. తీసేసి లామినేట్ వేయించి ఉంటే ఫ్రీహోల్డర్‌కు, అంటే భవనం అసలు యజమానికి, అడిగే హక్కు ఉంది. పిల్లల పరుగు మామూలు కాపురపు శబ్దం, దానికి భయపడకండి. హాల్లో మందపాటి రగ్గు ఒకటి వేయండి చాలు. ఇద్దరికీ ఇష్టమైతే కౌన్సిల్ మీడియేషన్ ఏర్పాటు చేస్తుందేమో అడగండి. మీ రెండు ఇళ్ళ మధ్యది సరిగ్గా మీడియేషన్‌తో తేలే తగాదాయే.

ప్రశ్న: పార్కులో, పేవ్‌మెంట్ మీద మోటర్‌బైకులు, ఎలక్ట్రిక్ స్కూటర్లు దూసుకుపోతున్నాయి. ఎవరు ఆపాలి?
— ఒక పాఠకుడు, లీడ్స్

జవాబు: పోలీసులు. పోలీస్ రిఫార్మ్ యాక్ట్, 2002 సెక్షన్ 59 కింద ఒకసారి హెచ్చరించి, ఏడాదిలోపు మళ్ళీ చేస్తే బండి పట్టుకుపోవచ్చు. సొంత ఎలక్ట్రిక్ స్కూటర్‌ను రోడ్డు మీద నడపడమే చట్టవిరుద్ధం. ఇన్సూరెన్స్ లేనందుకూ పట్టుకోవచ్చు. వెంబడించకండి. బండి రంగు, హెల్మెట్ రంగు, ఏ వేళకు వస్తారు, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ గ్యారేజీలోంచి తీస్తారు, ఎక్కడ పెట్రోలు పోయిస్తారు, ఇవి చెబితే నైబర్‌హుడ్ పోలీసింగ్ టీమ్‌కు పని జరుగుతుంది.

ప్రశ్న: ఫిర్యాదు చేస్తే మా వీసాకు, రేపు ఐఎల్‌ఆర్‌కు (శాశ్వత నివాస అనుమతికి) ఇబ్బందా? ఇల్లు అమ్మేటప్పుడు ఫిర్యాదు సంగతి చెప్పాలని కూడా అంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, స్విండన్

జవాబు: సక్రమమైన వీసా మీద ఉన్నవారు బాధితుడిగానో సాక్షిగానో ఫిర్యాదు చేస్తే వీసాకు ఏ ఇబ్బందీ లేదు. దరఖాస్తులో అడిగేది మీకు పడిన శిక్షలు, జరిమానాల గురించి. మీరు ఇచ్చిన ఫిర్యాదుల గురించి కాదు. ఈ భయంతోనే చాలా కుటుంబాలు ఏళ్ళ తరబడి భరిస్తున్నాయి, అక్కర్లేదు.

ఇల్లు అమ్మే మాట నిజం. అమ్మేవారు నింపే టీఏ6 అనే ఫారంలో ఈ ఇంటికి, చుట్టుపక్కల ఇళ్ళకు సంబంధించిన తగాదాలు, ఫిర్యాదులు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. దాచి, తరువాత బయటపడితే కొన్నవారు మీ మీద నష్టపరిహారం దావా వేయవచ్చు. అయితే ఫిర్యాదు చేయకుండా నోటితో తగాదా పడ్డా అదీ తగాదాయే, కాబట్టి ఈ ఫారం కోసం ఫిర్యాదు మానుకుని లాభం లేదు. దానికన్నా విషయం తీరిపోయాక కౌన్సిల్ నుంచి "కేసు ముగిసింది, కొత్త ఫిర్యాదులు లేవు" అని తేదీతో ఒక ఈమెయిల్ తీసుకోండి. అమ్మేనాడు దాన్ని మీ సొలిసిటర్‌కు ఇచ్చి, ఫారంలో ఎలా రాయాలో అడిగి రాయండి.